నాలుగో గది వాతావరణం

పోయిన వారం డిగ్రీలమ్మను నాలుగో గది తలుపు ముందు, చూపుడువేలు గాల్లో ఉండగానే వదిలేసి వచ్చాం. వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది పాపం. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు కూడా మాట వినే రకం కావు. ముందు ఆవిడను కదిలిద్దాం.

అంతకన్నా ముందు, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. పిల్లల క్యాన్సర్ ఆస్పత్రికి వెనక వీధిలో పన్నెండు గదుల ఇల్లు ఒకటుంది. దూరాల నుంచి వైద్యానికి వచ్చిన కుటుంబాలు నెలల తరబడి అందులోనే ఉంటాయి. ఆ ఇంటిని చూసుకునే మనిషి డిగ్రీలమ్మ. చదివిన డిగ్రీలు చూసి పెట్టిన పేరు కాదది. ముప్ఫై నాలుగేళ్ళు ఆవిడ వాతావరణ కేంద్రంలో పనిచేసింది. పెరట్లో ఉన్న తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి, మూడు గంటలకోసారి థర్మామీటరు చూసి, అంకె రాసుకురావడమే ఉద్యోగం. ఎప్పుడో ఆవిడ చెల్లెలి కొడుక్కి ఇదే ఆస్పత్రిలో వైద్యం జరిగింది. అప్పట్లో ఈ ఇల్లు లేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ నాలుగు నెలలు ఆస్పత్రి వరండాలో చాప మీద పడుకున్నారు. ఆ కుర్రాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. రిటైరైన మర్నాడే ఆవిడ ఇక్కడికి వచ్చి తాళాల గుత్తి అందుకుంది. అప్పట్నుంచి ఆకాశాన్ని వదిలి పిల్లల ఒళ్ళు పట్టుకుంది.

నాలుగో గదిలో ఉండేది ముగ్గురు. ఎనిమిదేళ్ళ పిచ్చుక, వాళ్ళమ్మ, ఆ అమ్మకు తండ్రి అయిన గడియారాల తాత. తిండి తక్కువ, కబుర్లు ఎక్కువ కాబట్టి పిచ్చుక. తలుపంత వెడల్పున్న కొట్టులో కూర్చుని నలభై అయిదేళ్ళు గడియారాలు బాగుచేశాడు కాబట్టి గడియారాల తాత. పిచ్చుకకు రక్తం క్యాన్సర్. మూడో విడత మందు ఎక్కించి ఇవాళ్టికి పదో రోజు.

వాళ్ళమ్మ బస్సు డిపోలో తాత్కాలిక డ్రైవరు. పర్మినెంటు కావాలంటే, పక్క సీట్లో పరీక్ష అధికారిని కూర్చోబెట్టుకుని ఐదు రోజులు వరసగా బస్సు నడిపి చూపించాలి. ఇదివరకు రెండుసార్లు పిలుపు వచ్చింది. రెండుసార్లూ పిచ్చుకకు జ్వరం వచ్చి, సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చింది. మూడోసారి కూడా వదిలేస్తే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఆదివారం పొద్దున్నే బ్యాగు భుజాన వేసుకుని, "జ్వరం వస్తే మాత్రం దాచకు నాన్నా. ఫోన్ చెయ్యి. బస్సు ఎక్కడుంటే అక్కడే ఆపేసి వచ్చేస్తా," అని చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళింది. ఇవాళ గురువారం. రేపు సాయంత్రంతో పరీక్ష అయిపోతుంది.

ఇదీ సంగతి. ఇంక తలుపు దగ్గరికి పోదాం.

ఆ ఇంట్లో ప్రతి గది తలుపుకూ బయటివైపు ఒక కాగితం అంటించి ఉంటుంది. డిగ్రీలమ్మ పెట్టిన పద్ధతి అది. పొద్దునా సాయంత్రం పెద్దవాళ్ళు థర్మామీటరు పెట్టి చూడాలి, అంకె మాత్రం పిల్లలు రాయాలి. తన ఒంటి లెక్క తనే రాసుకునే పిల్లలకు భయం కాస్త తగ్గుతుందని ఆవిడ నమ్మకం. సాయంత్రం అంకె పక్కనే ఆ రోజు ఎలా గడిచిందో బొమ్మ గీయాలి. బాగుంటే సూర్యుడు, వాంతులైతే మబ్బు, సూది గుచ్చితే మెరుపు, ఏడిస్తే మూడు వాన చుక్కలు. వాతావరణ కేంద్రం గుర్తులే, కొన్ని మార్చింది. "ఎలా ఉంది?" అని అడిగితే తల్లులు "బాగానే ఉందండీ" అంటారు. కాగితం మీద మూడు చుక్కలుంటాయి. నోటి మాటకూ చుక్కలకూ పొంతన కుదరనప్పుడు డిగ్రీలమ్మ చుక్కలనే నమ్ముతుంది.

అంకె దగ్గర మాత్రం ఆవిడకు ఆటలు పనికిరావు. నూరు పాయింట్ నాలుగు దాటితే గంటలోపు ఆస్పత్రిలో యాంటిబయాటిక్ సీసా కట్టాలి. మందు ఎక్కించిన రెండో వారంలో పిల్లల ఒంట్లో తెల్లకణాలు అడుగంటిపోతాయి. మనకు రెండు తుమ్ములతో పోయే క్రిమి ఆ పిల్లల ప్రాణం తీయగలదు. ఆ వారంలో ఒళ్ళు చేయగలిగిందల్లా వేడెక్కి కబురు చెప్పడమే. ఆ కబురు చెవిన వేసుకోకపోతే ఇంక చేసేది ఏమీ ఉండదు. గోడ మీద పెద్దక్షరాలతో ఇదంతా రాసి పెట్టింది కూడా.

నిజానికి ఈ తలుపు దగ్గర ఆవిడ మొదట ఆగింది నిన్న సాయంత్రం, అంకె చూసి కాదు, బొమ్మ చూసి. బుధవారం గడిలో పిచ్చుక గొడుగు గీసింది. విప్పిన గొడుగు, వంకీ పిడి. డిగ్రీలమ్మ జాబితాలో గొడుగు లేదు. కుతూహలం ఆవిడకు పుట్టుకతో వచ్చిన జబ్బు, దానికి మందు లేదు. రాత్రి భోజనాల దగ్గర అదే ఆలోచన. గొడుగంటే ఎండా, వానా? వంటింట్లో ఎదురైన ఇద్దరు తల్లుల్ని అడిగింది. వాళ్ళూ తలో మాట చెప్పారు. పిల్లను పిలిచి అడిగేస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడిగేస్తే ఇంక సరదా ఏముందని దాన్ని పప్పుండలా బుగ్గన పెట్టుకుని తిరిగింది.

ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలకు, ఆ గొడుగునే ఇంకోసారి చూద్దామని వచ్చి, దాని పక్కనున్న అంకెలు చూసింది. అక్కడే మనం వదిలేసి పోయాం.

98.6. 98.4. 98.2. 98.8. 98.4. 98.6. 98.2. ఇవాళ పొద్దున 98.4. ఆదివారం సాయంత్రం నుంచి ఎనిమిది అంకెలు. ఒక్కటి కూడా నూరు దరిదాపుల్లో లేదు. మామూలు మనిషైతే దేవుడికి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయేది. డిగ్రీలమ్మ వేలు పెట్టి ఒక్కో చివరి అంకెనూ తాకుతూ కిందికి దిగింది. ఆరు, నాలుగు, రెండు, ఎనిమిది, నాలుగు, ఆరు, రెండు, నాలుగు. అన్నీ సరి సంఖ్యలు.

పైన ఆదివారం పొద్దున దాకా తల్లి చూసిన అంకెలున్నాయి. 98.3, 97.9, 98.6, 99.1. అందులో సరీ ఉంది, బేసీ ఉంది. ఈ ఇంట్లో గదికొకటి ఇచ్చిన మీట నొక్కే థర్మామీటరుకు సరి బేసి పట్టింపు లేదు, ఏదొస్తే అది చూపిస్తుంది. ఒకసారి సరి వస్తుంది, రెండుసార్లు వస్తుంది. ఎనిమిదిసార్లు వరసగా వచ్చిందంటే అది ఆ యంత్రం చెప్పిన మాట కాదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆవిడ చాలా కాకిలెక్కలు చూసింది. చలికి లేవలేక దుప్పట్లోంచే అంకె రాసిన కుర్ర ఉద్యోగుల పుస్తకాలు దిద్దింది. వాటికి అక్కడ మంచం లెక్కలని పేరు. మంచం లెక్క ఎప్పుడూ అందంగా ఉంటుంది. ఇదిగో, ఇలాగే.

ఎవరు రాస్తున్నారు ఈ మంచం లెక్క, ఎందుకు?

గది బయట బల్ల మీద తాత కూర్చుని ఉతికిన పిల్లబట్టలు మడతపెడుతున్నాడు. ఒక్కో గౌను అంచులు వేళ్ళతో వెతికి పట్టుకుని, అంచుకు అంచు కలిపి, మోకాలి మీద ఒత్తుతున్నాడు. పక్కనే తువ్వాల్లో చుట్టిన భోజనాల గది గోడగడియారం ఉంది. ఆగిపోయిందని డిగ్రీలమ్మే శనివారం ఆయనకు ఇచ్చింది. తువ్వాలు ముడి కూడా విప్పలేదు.

"పాప పడుకుందా బాబాయిగారూ?"

"ఇప్పుడే కన్నంటుకుందమ్మా." గొంతు వినగానే ఆయన మొహం ఇటు తిరిగింది. "నిన్నట్నుంచి కాస్త నిద్రెక్కువైంది. మందు నీరసం."

"పొద్దున ఎంతుంది?"

"తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. ఏడూ రెండుకి చూశాం. కాగితం మీద రాసే ఉంది కదమ్మా, రోజూ రెండు పూటలా రాస్తూనే ఉన్నాం. ఒక్క పూట తప్పలేదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ జవాబు. తప్పారని ఎవరూ అనలేదు. డిగ్రీలమ్మ బల్ల మీద ఆయన పక్కన కూర్చుంది. మోకాళ్ళు టకటకమన్నాయి.

"దేంతో చూస్తున్నారు?"

మడతపెడుతున్న చేతులు ఆగాయి. కాసేపటికి ఆయన చొక్కా జేబులోంచి సన్నటి స్టీలు గొట్టం తీశాడు. మూత తిప్పితే లోపల పాతకాలపు గాజు థర్మామీటరు, పాదరసంది.

"మీరిచ్చిన మిషను మా అమ్మాయి బ్యాగులో వెళ్ళిపోయిందమ్మా. ఫైలూ, మాత్రలూ, అదీ ఎప్పుడూ ఆ బ్యాగులోనే ఉంటాయి కదా. మా అమ్మాయినేమీ అనకండి. ఫోన్లో చెప్పానంటే అక్కడ దానికి స్టీరింగు మీద చెయ్యి నిలవదు. మిమ్మల్ని ఇంకోటి అడగడానికి నాకు మొహమాటమేసింది. దాని చిన్నప్పటి జ్వరాలన్నీ నేను దీంతోనే చూశాను. ఒక్కనాడు తప్పు చెప్పలేదిది."

డిగ్రీలమ్మకు సగం నవ్వు, సగం ఊరట. ఈ ఇంట్లో తల్లులందరి బ్యాగులూ అంతే. నెలల తరబడి ఎవరూ బోర్లించి దులపరు, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తుందో తెలీదు గనక. ముడి కూడా విడిపోయింది. గాజు థర్మామీటరు మీద డిగ్రీకి ఐదు గీతలే ఉంటాయి, గీతకు రెండు పాయింట్లు. దాంతో చూస్తే చివరి అంకె ఎప్పుడూ సరే. మంచం లెక్క కాదు, పాత సామాను లెక్క. ఇంకెవరైనా అయితే లేచి టీ తాగడానికి వెళ్ళిపోయేవాళ్ళు, కథ కంచికి చేరేది.

వెళ్ళనివ్వకుండా ఆవిడను పట్టుకున్నది గొడుగు.

"పోనీ ఇది చెప్పండి. నిన్న సాయంత్రం పిచ్చుక వేసిన బొమ్మ నాకు అంతు పట్టలేదు. మీకేమైనా చెప్పిందా?"

"అందులో అంతు పట్టకపోవడానికి ఏముందమ్మా? సూర్యుడే కదా." తాత నవ్వాడు. "రోజూ సూర్యుడే. పక్కన కూర్చుని చూస్తూనే ఉంటాను, భలే గీస్తుంది కిరణాలు."

బల్లకు ఎదురుగా, మూడు అడుగుల దూరంలో, తలుపు మీద గొడుగు ఉంది. నీలం రంగు పెన్సిలుతో అరచేయంత గీసింది పిచ్చుక. తాత మొహం సరిగ్గా అటే ఉంది.

చప్పున ఏమైనా అనేస్తే మనిషి మూసుకుపోతాడని డిగ్రీలమ్మకు తెలుసు. కాస్త ఆగి, "టైమెంతయిందో" అంది, తనలో తను అనుకున్నట్టు.

తాత ఎడమచేతి మీదికి కుడిచేతి బొటనవేలు వెళ్ళింది. చూపు మాత్రం తలుపువైపే ఉంది. బొటనవేలు ఒక్క క్షణం గడియారం ముళ్ళ మీద తిరిగింది. "మూడూ పది," అన్నాడు.

ఆ చేతి గడియారానికి అద్దం లేదు. ఆవిడ ఆదివారమే గమనించింది. ఊరందరి గడియారాలూ బాగుచేసినవాడికి తనది చూసుకునే తీరిక ఎక్కడిదిలే అని నవ్వుకుంది కూడా. తువ్వాల్లో ముడి విప్పని గోడగడియారం, వేళ్ళతో వెతికి పట్టుకునే గౌను అంచులు, అద్దం లేని గడియారం. అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. నాలుగు రోజులు వాటిని దాటుకుంటూ తిరిగి, గొడుగు గురించి ఆలోచించింది.

"మీకో సంగతి చెప్తా బాబాయిగారూ. మా ఆయనక్కూడా చెప్పలేదు," అంది. "ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. తెల్లవారుజామున కుండపోత వాన. పెరట్లోకి వెళ్ళి చూసి రావాలి. వెళ్ళలేదు. మంచం మీదే కూర్చుని ఇరవై నాలుగు పాయింట్ ఆరు అని రాసేశా. దానంతటదే గీత గీసుకునే యంత్రం ఒకటుందక్కడ, దాని సంగతి మర్చిపోయా. అందులో ఇరవై ఒకటి దాటలేదు. మా ఆఫీసు పెద్దాయన తిట్టలేదు. ఆ గీతల కాగితం చింపి తెచ్చి, నా అంకె పక్కన గుండుసూదితో గుచ్చి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళయినా ఆ అంకె నాకు కలలోకి వస్తుంది. వానలో తడవాల్సొస్తుందని రాశాను. మీది అలాంటిది కాదని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నా. ఎన్నాళ్ళయింది?"

"ఏది?"

"కళ్ళు."

ఆయన గౌను మడత విప్పి మళ్ళీ పెట్టాడు. అది అంతకుముందే సరిగ్గా ఉంది.

"ఏడాది దాటింది," అన్నాడు చివరికి. "నడిమధ్యలో పోయిందమ్మా. పక్కలన్నీ కనబడతాయి, చూద్దామనుకున్నదే కనబడదు. ఇప్పుడు మీ వైపు చూస్తే జుట్టుంది, భుజాలున్నాయి, మొహం లేదు. నడవగలను, అన్నం తినిపించగలను, బట్టలుతకగలను. చదవడమొక్కటే చేతకాదు. కొట్టు మూసేశాక నా కళ్ళతో ఎవరికీ పని పడలేదు. చెబితే మా అమ్మాయి నన్ను పాప దగ్గర వదిలి వెళ్తుందా? మూడోసారి కూడా పరీక్ష పోయేది. ఐదు రోజులే కదా, నెట్టుకొచ్చేద్దామనుకున్నా."

తీగ లాగితే డొంకంతా కదులుతోంది.

"మరి ఆ గీత చూసి చెప్తున్నదెవరు?"

"అదే. పిచ్చుకే." ఇంత బాధలోనూ ఆయన గొంతులో గర్వం దాగలేదు. "ఆదివారం నేర్పాను. పెద్ద గీత డిగ్రీ, చిన్న గీత రెండు పాయింట్లు, వెండి తీగ ఎక్కడ ఆగితే అక్కడ చదవాలని. ఒక్క పూటలో నేర్చుకుంది. మూడు నిమిషాలు నేను చెప్తాను, అది తీసి చదువుతుంది, అదే వెళ్ళి రాస్తుంది. తర్వాత విదిలించి గొట్టంలో పెట్టి నాకిస్తుంది. అబద్ధమాడే పిల్ల కాదమ్మా అది."

"కాదు. ఒంటి మీద చెయ్యేసి చూశారా మీరు?"

"వెయ్యనివ్వడం లేదు." ఈసారి మాట మెల్లగా వచ్చింది. "తెల్లకణాలు తక్కువగా ఉన్నాయి, నీ చేతులకి క్రిములుంటాయి తాతా, ముట్టుకోకూడదని డిగ్రీలమ్మ చెప్పిందంది. మీరు చెప్పారంటే నేను కాదంటానా?"

డిగ్రీలమ్మ అలా ఎన్నడూ చెప్పలేదు. చేతులు కడుక్కుని ముట్టుకోమని చెప్పింది.

"ఎప్పట్నుంచి వెయ్యనివ్వడం లేదు?"

"నిన్నట్నుంచి."

లోపల పంకా కిర్రుమంటూ తిరుగుతోంది. "నిన్న అన్నం ముందు కూర్చుని లేచిపోయింది," అన్నాడు తాత, ఎవరూ అడక్కుండానే. "పొద్దున దుప్పటి దులుపుతుంటే వెచ్చగా తగిలింది. కిటికీలోంచి ఎండ పడిందేమో అనుకున్నా."

"మీ అమ్మాయి వెళ్ళేటప్పుడు జ్వరం వస్తే పరీక్ష వదిలేసి వస్తానంది కదా. పిచ్చుక అప్పుడు ఎక్కడుంది?"

"నా ఒళ్ళోనే." ఆయన చేతిలోని గౌను జారి నేల మీద పడింది. తీయడానికి వంగలేదు. "బస్సు మలుపు తిరిగాక నేనూ అన్నానమ్మా. నీకు ఐదు రోజులు, ఐదంటే ఐదు రోజులు జ్వరం రాకపోతే అమ్మ ఉద్యోగం గట్టిపడిపోతుంది తల్లీ, నువ్వే చూసుకోవాలి అన్నాను. ముద్దుకన్నాను. పిల్ల ధైర్యంగా ఉంటుందని అన్నాను."

డిగ్రీలమ్మ అప్పటికే లేచింది. మోకాళ్ళ సంగతి గుర్తు కూడా రాలేదు.

గుమ్మం పక్కన కుళాయి. మోచేతుల దాకా సబ్బు రాసి ఇరవై అంకెలు లెక్కపెట్టాలి. నిబంధన పెట్టింది తనే. కాళ్ళు లోపలికి లాగుతున్నా ఇరవై దాకా లెక్కపెట్టింది. మూతికి గుడ్డ కట్టుకుని, సంచిలోంచి తన మీట థర్మామీటరు తీసి, దూదితో తుడిచి లోపలికి వెళ్ళింది. తాత గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

గదిలో రెండు మంచాలు, దోమతెర బిగించిన కిటికీ, బల్ల మీద రంగు పెన్సిళ్ళ డబ్బా. పిచ్చుక గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంది. జుట్టు లేని తల మీద ఎర్ర టోపీ. బల్ల మీద నీళ్ళ గ్లాసు నిండుగా ఉంది. కిటికీలో ఎండ లేదు, ఆ కిటికీ ఉత్తరం వైపుది. ఎండ ఎన్నడూ పడదు.

"నాకు తెలుసు నువ్వే అని," అంది పిచ్చుక, ఇటు తిరక్కుండానే. "నీ మోకాళ్ళు చప్పుడు చేస్తాయి."

"పడుకోలేదా నువ్వు?"

"కళ్ళు మూసుకున్నానంతే. అమ్మ ఇంకా ఫోన్ చెయ్యలేదు. మూడున్నరకి బస్సు ఆఖరి స్టాపుకి వస్తుంది. అప్పుడు చేస్తుంది రోజూ, నా అంకె ఎంతా అని."

డిగ్రీలమ్మ మంచం అంచున కూర్చుని పిల్ల చంకలో థర్మామీటరు పెట్టింది. పిచ్చుక వద్దనలేదు. చెయ్యి దగ్గరికి నొక్కుకుంది. ఆ చెయ్యి ఎంత వేడిగా ఉందో చెప్పడానికి థర్మామీటరు అక్కర్లేదు. అయినా అంకె కావాలి. అంకె లేకుండా ఆవిడ ఎన్నడూ మాట్లాడలేదు.

"నిన్నటి బొమ్మ నాకు అర్థం కాలేదే పిచ్చుకా. గొడుగు నా జాబితాలో లేదు."

"కొత్తది. నేనే పెట్టా."

"దేనికి?"

"వానకి."

"వానకి గుర్తుంది కదా మనకి. మూడు చుక్కలు."

పిచ్చుక కాసేపు ఆలోచించింది. నిజం చెప్పాలా వద్దా అని కాదు, ఇంత తెలిసినావిడకు ఇంత చిన్న సంగతి ఎలా చెప్పాలా అని.

"చుక్కలు గీస్తే నువ్వు వెంటనే లోపలికొచ్చేస్తావు. సూర్యుణ్ణి గీస్తే అబద్ధమవుతుంది. నీకు తెలీని బొమ్మ గీస్తే ఏమయ్యుంటుందా అని బయటే తిరుగుతావు. నువ్వంతే కదా డిగ్రీలమ్మా. ఇంకొక్క రోజు తిరుగుతావనుకున్నా."

నిన్న సాయంత్రం గొడుగు గీసినప్పట్నుంచి ఇప్పటికి ఇరవై ఒక్క గంటలు. ఈ పిల్ల తనను తాసులో పెట్టి తూచినట్టు తూచింది, వెంట్రుకవాసి తేడా రాలేదు. గంటలోపు గంటలోపు అని గోడల మీద రాయించిన మనిషి, గొడుగంటే ఎండా వానా అని వంటింట్లో వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ తిరిగింది. తప్పు ఈ పిల్లదీ కాదు, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ కళ్ళు పోయిన మనిషిదీ కాదు. అంకె రాసే పని పిల్ల చేతిలో పెట్టి, చూసే పని ఎవరిదో మళ్ళీ అడగని తనది.

థర్మామీటరు కూసింది. ఆవిడ తీసి, కిటికీ వైపు తిప్పి చూసింది. ఒకసారి కళ్ళు మూసి తెరిచి మళ్ళీ చూసింది.

"ఎంతమ్మా?" అన్నాడు తాత గుమ్మంలోంచి.

మంచి మాట ఏదైనా చెప్పి పిల్లను ముందు బయటికి తీసుకుపోవచ్చు. ఇరవై నాలుగు పాయింట్ ఆరు గుర్తొచ్చింది.

"నూట ఒకటి పాయింట్ మూడు," అంది డిగ్రీలమ్మ, ఇద్దరికీ వినబడేలా.

పిచ్చుక కళ్ళు తెరిచింది. లోపల లెక్క వేసుకుంటూ పెదవులు కదిపింది. తర్వాత ఎండిన పెదవుల మీదే నవ్వు వచ్చింది.

"అయితే నిన్నటికన్నా తగ్గింది," అంది.

డిగ్రీలమ్మ ఆ పిల్లను దుప్పటితో సహా ఎత్తుకుంది. ఆస్పత్రి నాలుగు నిమిషాల నడక. గుమ్మం దాటేలోపు తాత జేబులో ఫోన్ మోగడం మొదలైంది. ఆయన దాన్ని తీసి, ఎవరిదో చూడలేక, చూడాల్సిన అవసరం కూడా లేక, రెండు చేతులతో ఆవిడ వైపు చాపాడు. పిచ్చుక వేడి వేళ్ళు డిగ్రీలమ్మ మెడ చుట్టూ బిగుసుకున్నాయి.

"నేను చెప్పనా అమ్మకి?" అంది చెవిలో. "తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు అని చెప్తా. ఇంకొక్క రోజే."